పెటిబాన్ బొమ్మల సంపుటాలు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

అమెరికన్ చిత్రకారుడు రేమండ్ పెటిబాన్ బొమ్మల పుస్తకం కొనాలనుకుంటే ముందు దానికో పరీక్ష పెట్టండి. పుస్తకాన్ని మధ్యలో ఎక్కడో ఒకచోట తెరవండి. వార్తాపత్రిక చదివేటంత దూరంలో పట్టుకుని, బొమ్మ మీద రాసి ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్న అక్షరాలను చదవండి. తడుముకోకుండా చదవగలిగితే ఆ పుస్తకం సంగతి ఆలోచించవచ్చు. కళ్లు చిట్లించాల్సి వచ్చిందంటే, కాగితం ఎంత నునుపుగా ఉన్నా, అట్ట ఎంత దిట్టంగా ఉన్నా తిరిగి అరలో పెట్టేయండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, పెటిబాన్ బొమ్మను చూసినంత మాత్రాన సగం పనే అవుతుంది. మిగతా సగం చదవాలి. సిరాతో గీసిన మనిషో, కెరటమో, రైలింజనో కాగితం మీద ఉంటుంది. దాని పైనా, కిందా, పక్కనా వంకరటింకర చేతిరాతలో ఒక వాక్యం, రెండు వాక్యాలు, ఒక్కోసారి ఒక పేరా ఉంటాయి. ఆ మాటలు బొమ్మకు వివరణ కావు. మనకు బాపు కార్టూన్లు అలవాటు. వాటిలో గీతా మాటా ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడుస్తాయి, చివరికి రెండూ కలిసి నవ్విస్తాయి. పెటిబాన్ దగ్గర బొమ్మ ఒక దారిన పోతుంటే మాట ఇంకో దారిన పోతుంది. అసలు కథను వాటి మధ్య మిగిలిన ఖాళీలో పాఠకుడే అల్లుకోవాలి. అక్షరాలు చదవరాని సైజులో అచ్చువేస్తే అల్లుకోవడానికి దారమే ఉండదు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. సోనిక్ యూత్ అనే అమెరికన్ బృందం 1990లో విడుదల చేసిన 'గూ' ఆల్బమ్ అట్ట మీద పెటిబాన్ బొమ్మ ఉంది. నల్లకళ్లద్దాలు పెట్టుకున్న ఒక యువకుడు, ఒక యువతి. కేవలం నలుపు తెలుపు, మందపాటి కుంచె గీతలు. పక్కన రాసిన మూడు వాక్యాల సారాంశం ఇది: తోడబుట్టినదాని ప్రియుణ్ణి ఎగరేసుకుపోయాను, వారం తిరక్కుండా ఇద్దరం కలిసి మా అమ్మానాన్నలను చంపి రోడ్డెక్కాం. ఆ ఇంగ్లీషు మాటను బట్టి అక్కో చెల్లెలో తెలియదు. తెలుగులో చెప్పబోతే మాత్రం తేల్చుకుని తీరాలి, తేల్చుకోగానే కథ కాస్త మారిపోతుంది కూడా. ఇంకో లోతు ఉంది. ఆ బొమ్మకు మూలం 1966 నాటి ఒక పత్రికా ఛాయాచిత్రం. ఇంగ్లండులో సంచలనం రేపిన పిల్లల హత్యల విచారణకు సాక్షులుగా వెళ్తున్న మౌరీన్ హిండ్లీ, డేవిడ్ స్మిత్ అందులో ఉన్నారు. హంతకురాలు మైరా హిండ్లీకి మౌరీన్ సొంత చెల్లెలు. పోలీసులకు సమాచారం ఇచ్చినవాడు మౌరీన్ భర్త స్మిత్. అంటే నేరాన్ని బయటపెట్టినవాళ్ల ముఖాలు తీసుకుని, వాళ్ల నోట హంతకుల మాటలు పెట్టారు పెటిబాన్. ఇది తెలియకపోయినా బొమ్మ పనిచేస్తుంది. తెలిశాక ఆ నల్లకళ్లద్దాలు మరోలా కనిపిస్తాయి. ఆ మూడు వాక్యాలు లేకపోతే మాత్రం అది ఇద్దరు మనుషుల బొమ్మ, అంతే.

ఆయన ఎవరో తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. 1957లో అరిజోనా రాష్ట్రంలోని టూసాన్‌లో పుట్టారు. పెరిగింది కాలిఫోర్నియా తీరంలోని హెర్మోసా బీచ్‌లో. అసలు పేరు రేమండ్ గిన్. తండ్రి ఇంగ్లీషు పాఠాలు చెప్పేవారు, గూఢచారి నవలలు కూడా రాశారు. ఫ్రెంచి మాటలు కలిపి 'మంచి బుజ్జోడు' అనే అర్థం వచ్చేలా కొడుకును పిలిచిన ముద్దుపేరే తర్వాత పెటిబాన్ అయింది. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి, కొంతకాలం ప్రభుత్వ బడుల్లో లెక్కల మాస్టరుగా పనిచేశారు. అన్న గ్రెగ్ గిన్ గిటారిస్టు. ఆయన పెట్టిన పంక్ (వేగంగా, మొరటుగా వాయించే ఒక రకం రాక్ సంగీతం) బృందానికి మొదట 'పానిక్' అని పేరు. దాన్ని 'బ్లాక్ ఫ్లాగ్'గా మార్చమన్నదీ, ఎగిరే జెండాను నాలుగు నల్లని నిలువు పట్టీలుగా విరిచి గుర్తు గీసిందీ తమ్ముడే. ఆ నాలుగు పట్టీలు ఇప్పుడు ప్రపంచమంతా టీషర్టుల మీదా, చేతుల మీద పచ్చబొట్లుగానూ తిరుగుతున్నాయి. వేసుకున్నవాళ్లలో ఆ బృందం పాట ఒక్కటైనా విన్నవాళ్లు ఎందరో నాకు అనుమానమే.

అన్న నడిపిన ఎస్‌ఎస్‌టీ రికార్డ్స్ సంస్థ ఆల్బమ్‌లకు, కచేరీల కరపత్రాలకు తరచూ పెటిబాన్ బొమ్మలే వాడేవారు. కరపత్రమంటే జిరాక్సు తీసి కరెంటు స్తంభాలకు అతికించే కాగితం. తేదీ, చోటు, బృందాల పేర్లు ఒక మూలకు, మిగతా జాగా అంతా చూసినవాడు ఉలిక్కిపడే బొమ్మ. 1979లో వచ్చిన 'నెర్వస్ బ్రేక్‌డౌన్' రికార్డు అట్ట చూడండి. గోడకు ఆనుకుని పిడికిళ్లు బిగించిన మనిషి ఒకడు, సర్కసులో సింహాన్ని అదిలించినట్టు కుర్చీ అడ్డం పెట్టుకున్న మనిషి ఇంకొకడు. ఎవరు ఎవరికి భయపడుతున్నారో తేలదు.

ఇక్కడే కొనేవాళ్లు చాలామంది పొరపాటు పడతారు. పంక్ మీద ఇష్టంతో వచ్చి, పంక్ బొమ్మలు నిండిన పుస్తకం దొరుకుతుందని ఆశిస్తారు. ఆ బొమ్మల్లో చాలావాటిని ఆయన బృందాల కోసం గీయలేదు. ముందే గీసి పెట్టుకున్నవాటిని అన్నావాళ్లు తీసుకుని వాడుకున్నారు. పంక్ చిత్రకారుడు అనే ముద్ర ఆయనకు ఎన్నడూ నచ్చలేదు, ఆ కుర్రకారును కూడా హిప్పీలను ఏడిపించినట్టే ఏడిపించారు. పంక్ నుంచి ఆయనకు నిజంగా దక్కింది ఒక పద్ధతి: చవక కాగితం, ఒక్క రంగు సిరా, ఎవరి అనుమతీ అడగకుండా అచ్చు. కరపత్రాలే కావాలనుకునేవారికి జీవితకాలపు సంపుటం నిరాశే మిగులుస్తుంది. వారికి సరిపోయేది వేరే ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

రెండు లావు పుస్తకాల పోటీ

మొదటి నుంచి ఇప్పటి దాకా చేసిన పని ఒకేచోట కావాలంటే, నా లెక్కలో పోటీ రెండింటి మధ్యే. ఒకటి 2016 నాటి 'హోమో అమెరికానస్'. రెండోది 2017 నాటి 'ఎ పెన్ ఆఫ్ ఆల్ వర్క్'. రెండూ ప్రదర్శనలకు తోడుగా వచ్చినవే. కాని ఒకటి జర్మనీలో, రెండోది న్యూయార్క్‌లో పుట్టాయి. ఆ తేడా పుస్తకం స్వభావంలోనే కనబడుతుంది.

న్యూయార్క్ పుస్తకంతో మొదలుపెడదాం. న్యూ మ్యూజియంలో 2017 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు జరిగిన ప్రదర్శనను మాసిమిలియానో జోనీ, గ్యారీ కారియన్-మురయారి రూపొందించారు. 700కు పైగా బొమ్మలు మూడు అంతస్తుల్లో పెట్టారు. ఆయన పనిని ఆ స్థాయిలో ఒక న్యూయార్క్ మ్యూజియం చూపించడం అదే మొదటిసారి. తర్వాత అది నెదర్లాండ్స్‌లోని మాస్త్రిక్ట్ నగరానికి వెళ్లింది. ఫైడాన్ సంస్థ భాగస్వామ్యంతో కేటలాగు వచ్చింది. పేరు బైరన్ కవిత 'ది విజన్ ఆఫ్ జడ్జ్‌మెంట్' నుంచి తీసుకున్నది. అందులో బైరన్ తన కాలపు ఆస్థాన కవి సదీని ఉతికి ఆరేస్తాడు. ఆ సదీ ముందు సైతానుకే జీవిత చరిత్ర రాసిపెడతానంటాడు, అక్కడ బేరం కుదరక దేవదూత వైపు తిరిగి, నా కలం అన్ని పనులకూ పనికొస్తుందని చెప్పుకుంటాడు. అద్దెకు రాసే కలాన్ని ఎగతాళి చేసిన మాటను తన జీవితకాలపు ప్రదర్శనకు పేరుగా పెట్టుకున్న మనిషి హాస్యం ఎలాంటిదో అట్ట మీదే తెలిసిపోతుంది.

ఈ పుస్తకానికి ఉన్న బలం చిన్ననాటి బొమ్మలు. 1960ల్లో, చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు గీసిన కాగితాలను ఆయన దాచి ఉంచారు. పెద్దయ్యాక వాటి మీద వాక్యాలు చేర్చారు. చెయ్యి తిరగని పిల్లవాడి గీత, పక్కనే లోకం చూసిన మనిషి మాట. ఒకే కాగితం మీద ఒకే మనిషి ఇద్దరుగా మాట్లాడుతుంటాడు. మా ఇంట్లో బీరువా అడుగున నా ఒకటో తరగతి డ్రాయింగు పుస్తకం ఇంకా ఉంది. వాటిని చూశాక దాన్ని తీసి ఒక పేజీలో ఏదో రాయబోయి, ధైర్యం చాలక మూసేశాను. మాట కలపడం అనే ఆ పని ఎంత కష్టమో అప్పుడు అర్థమైంది.

ఇక 'హోమో అమెరికానస్'. హాంబర్గ్‌లోని డైష్టోర్‌హాలెన్ సంస్థ పరిధిలో ఉన్న ఫాల్కెన్‌బర్గ్ సేకరణలో 2016లో జరిగిన ప్రదర్శన దీనికి ఆధారం. ఆ తర్వాత అది ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌కు వెళ్లింది. డేవిడ్ జ్వర్నర్ బుక్స్ ప్రచురించింది. పేరుకు తగ్గట్టే ఇది ఒక యూరప్ చూపు: అమెరికన్ మనిషి అనే జంతువును దూరం నుంచి, కొంత ఆసక్తితో, కొంత బెదురుతో పరిశీలించినట్టుంటుంది. రెండూ బరువైనవే. లావులో మాత్రం దీనిదే పైచేయి.

నాకు ఇందులో నచ్చింది అమరిక. బొమ్మలను ఏటి వరుసలో కాకుండా ఇతివృత్తాల వారీగా పేర్చారు. మామూలుగా చిత్రకారుల జీవితకాలపు సంపుటాలకు ఏటి వరుసే మేలని వాదించేవాణ్ణి. మొదట నేర్చుకున్నాడు, తర్వాత తప్పటడుగు వేశాడు, ఆ తర్వాత దారి దొరికింది అనే కథ ఆ వరుసలో కనబడుతుంది. పెటిబాన్ విషయంలో ఆ కథ పెద్దగా లేదు. ఆయన కొన్ని బొమ్మల చుట్టూ నలభై ఏళ్లుగా తిరుగుతూనే ఉన్నారు: కెరటం మీద సర్ఫర్, బేస్‌బాల్ ఆటగాడు, రైలు, బైబిలు, అణుబాంబు పొగ, హంతకుడు చార్లెస్ మాన్సన్, అధ్యక్షుడు రీగన్, ఎఫ్‌బీఐ అధిపతి హూవర్. ఒక్కో ఇతివృత్తాన్ని ఒకచోట చేర్చితేనే ఆ తిరగడం తెలుస్తుంది. మన భజన బృందంలో ఒకే చరణాన్ని పదిసార్లు పాడినా పదోసారికి గొంతు మారినట్టు, అదే కెరటం, అదే మనిషి, కాని మాట మారిపోతుంది.

ఆ బొమ్మల్లో రెండు పాత్రల గురించి చెప్పకుండా ముందుకు పోలేను. గంబీ అనేది అమెరికా పిల్లల టీవీలో వచ్చిన పచ్చటి మట్టిబొమ్మ. దానికి ఉన్న ప్రత్యేక శక్తి ఏమిటంటే ఏ పుస్తకంలోకైనా నడుచుకుంటూ వెళ్లిపోగలదు. పెటిబాన్ దాన్ని తనకు మారురూపంగా వాడుకున్నారు. రెండోది వవూమ్. పిల్లి ఫీలిక్స్ కార్టూన్లలోని చిన్న ఆకారం. దానికి తన పేరు తప్ప ఇంకో మాట రాదు. కాని ఆ ఒక్క మాటతో కొండలు అదిరిపోతాయి. పుస్తకాల్లోకి దూరే ఒకడు, ఒక్క మాటను పట్టుకుని అరిచే ఒకడు. తన గురించి ఆయన ఇంతకంటే సూటిగా ఎక్కడా చెప్పుకోలేదనిపిస్తుంది. ఇతివృత్తాల అమరికలో ఈ ఇద్దరూ వరుసగా పేజీల మీద కనిపిస్తే వాళ్ల స్నేహం కుదురుతుంది. అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తే, తెలియని పాఠకుడు ఏదో పిల్లల కార్టూను అనుకుని పేజీ తిప్పేస్తాడు.

అయితే ఒక హెచ్చరిక. 'హోమో అమెరికానస్'తో మొదలుపెడితే ఊపిరాడదు. వందల కొద్దీ బొమ్మలు, వాటిలో సగానికి పైగా చదవాల్సినవి. వరుసగా ముప్పై పేజీలు చదివితే తల బరువెక్కుతుంది. నిఘంటువును మొదటి పేజీ నుంచి చదవబోయినట్టే. రోజుకు నాలుగైదు పేజీలు, అదీ రాత్రి భోజనం తర్వాత, అంతకు మించి నా వల్ల కాలేదు. ఒకే ఒక్క పుస్తకం కొంటాను, పదేళ్లు దగ్గర ఉంచుకుంటాను అనేవారు దీన్ని కొనండి. ఆయన గురించి ఇప్పుడే మొదటిసారి వింటున్నవారికీ, ఎవరికైనా బహుమతిగా ఇవ్వాలనుకునేవారికీ 'ఎ పెన్ ఆఫ్ ఆల్ వర్క్' తేలిక. దానికి ఒక ప్రదర్శన గదుల్లో నడిచిన నడక ఉంది.

రెండింటిలోనూ దెబ్బతినేవి సర్ఫర్ బొమ్మలే. 1980ల నడుమ మొదలైన ఆ వరుసలో తర్వాతి కాలపు బొమ్మలు కొన్ని గోడ నిండేంత పెద్దవి. నీలం కెరటం కాగితమంతా ఆక్రమిస్తే, మనిషి ఎక్కడో చీమలా ఉంటాడు. ఆ మనిషి అంత చిన్నగా ఉండటమే అందులో విషయం. దాన్ని పుస్తకం పేజీకి కుదిస్తే కెరటమూ చిన్నదైపోతుంది, భయమూ పోతుంది. కెరటాలే మీ మనసు దోచుకుని ఉంటే, డేవిడ్ జ్వర్నర్ బుక్స్ వాటి కోసమే వేసిన 'పాయింట్ బ్రేక్' అనే పుస్తకం ఉంది. మిగతావారికి అది అవసరం లేదు.

చిన్న పుస్తకాలు, వాటి వాటా

ఫైడాన్ సంస్థ సమకాలీన చిత్రకారుల పేరిట నడిపిన పుస్తకాల వరుసలో పెటిబాన్ సంపుటం 2001లో వచ్చింది. రాబర్ట్ స్టోర్, డెనిస్ కూపర్, ఉల్రిష్ లోక్ దానికి రాశారు. సంభాషణ, సమగ్ర వ్యాసం, ఒకే పని మీద నిశిత పరిశీలన, చిత్రకారుడికి నచ్చిన ఇతరుల రచన, చిత్రకారుడి సొంత రాతలు అనే చట్రం ఆ వరుస మొత్తానికీ ఉంది. మామూలుగా ఇలాంటి చట్రాలు నాకు విసుగు. పెటిబాన్‌కు మాత్రం అతికినట్టు కుదిరింది. చదివే అలవాటే ఆయన పనికి పునాది కాబట్టి, ఆయన ఏం చదువుతారో చూపించే పేజీలు బొమ్మలంత అవసరం. లోపం ఒక్కటే, తేదీ. 2001 తర్వాతి పని ఇందులో ఉండే వీలు లేదు. ఇరాక్ యుద్ధం మీద ఆయన కోపంతో గీసిన బొమ్మలు, రంగులు విరివిగా వాడిన తర్వాతి కాలపు పని ఏదీ దొరకదు. అయినా పాత ప్రతి సరసమైన ధరకు దొరికితే, కొత్తవారికి నేను మొదట చెప్పే పేరు ఇదే. లావు సంపుటం కొనాలా వద్దా అన్నది దీన్ని చదివాక మీకే తెలిసిపోతుంది.

కరపత్రాల కోసం వచ్చినవారి సంగతి తర్వాత చెబుతానన్నాను కదా. వాళ్లు వెతకాల్సింది రోబెర్టో ఓర్ట్ సంపాదకత్వంలో 2000లో వచ్చిన 'ద బుక్స్ 1978-1998'. పెటిబాన్ తానే జిరాక్సు తీయించి, పిన్ను కొట్టి, చవకగా అమ్మిన చిన్న పుస్తకాలను ఒక్కచోట చేర్చిన సంపుటం. 1978 నాటి 'క్యాప్టివ్ చెయిన్స్'తో ఆ పరంపర మొదలవుతుంది. కరపత్రాలకూ ఈ చిన్న పుస్తకాలకూ ఒకటే రక్తం. పుట్టుకతోనే జిరాక్సు కాబట్టి మళ్లీ అచ్చువేసినా పెద్దగా పోయేది ఉండదు. మచ్చలతో, ఒరిగిన అంచులతో, మరీ నల్లబడిన సిరాతో ఉన్న పేజీలకు ఆర్టు పేపరు అక్కర్లేదు. నా దృష్టిలో పెటిబాన్ అచ్చమైన రూపం ఇదే. గోడకు తగిలించిన బొమ్మ కంటే చేతిలో పట్టుకున్న కాగితమే ఆయనది. అయితే రంగులు చూడాలనుకునేవారు దీని జోలికి పోవద్దు.

ఫిలడెల్ఫియా మ్యూజియం 1998లో వేసిన 'రేమండ్ పెటిబాన్: ఎ రీడర్' గురించి రెండు మాటలు. ఇది పేరుకు ప్రదర్శన పుస్తకం, నిజానికి వాచకం. ఆయనకు దగ్గరైన సాహిత్యం నుంచి ఏరిన భాగాలు, మధ్యమధ్యలో బొమ్మలు. హెన్రీ జేమ్స్, రస్కిన్, ప్రూస్ట్ వంటివారి వాక్యాలను ఆయన విరిచి, మెలితిప్పి, తనవి కలిపి బొమ్మల మీద రాస్తారని తెలిసినవారికి ఇది తాళంచెవి లాంటిది. బొమ్మల కోసమే అయితే వద్దు.

రాజకీయ బొమ్మలు మాత్రమే కావాలంటే 2013 నాటి 'హియర్స్ యువర్ ఐరనీ బ్యాక్' ఉంది. 1975 నుంచి 2013 వరకు గీసినవి, బెంజమిన్ బుక్లో అనే కళా విమర్శకుడి వ్యాసంతో. రీగన్ నుంచి బుష్ దాకా అమెరికా అధ్యక్షులు వరుసగా తిట్లు తింటారు. ఆ కాలపు అమెరికా వార్తలు తెలియకపోతే సగం బొమ్మలు మూగబోతాయి. మన పాత రాజకీయ కార్టూన్ల సంపుటాల్లోనూ ఇదే ఇబ్బంది. పాతికేళ్ల కిందటి మంత్రి ముక్కు చూసి నవ్వాలంటే ముందు ఆ మంత్రి ఎవరో తెలియాలి.

ఇంకో దారి ఉంది, ఎవరూ చెప్పనిది. పుస్తకం మాట పక్కన పెట్టి ఒక గ్రామఫోన్ రికార్డు కొనండి. 'గూ' రికార్డు అట్ట పన్నెండు అంగుళాల చదరం. అక్షరాలు హాయిగా చదవవచ్చు. వినే యంత్రం లేకపోయినా గోడకు ఆనించి పెట్టుకోవచ్చు. మినిట్‌మెన్ బృందం 1983 ఆల్బమ్ 'వాట్ మేక్స్ ఎ మ్యాన్ స్టార్ట్ ఫైర్స్?' అట్ట కూడా ఆయనదే. రెండు అట్టలు పక్కపక్కన పెట్టుకుంటే ఏ సంపుటమూ చేయలేని పని ఒకటి జరుగుతుంది: బొమ్మ పుట్టిన చోటే మీరు దాన్ని చూస్తారు.

అసలేమీ కొనకుండా మొదలుపెట్టాలన్నా వీలుంది. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం తన సేకరణలోని పెటిబాన్ పనులను వెబ్‌సైట్లో ఉంచింది. ఫోనులో వేళ్లతో పెద్దది చేసుకుని అక్షరాలు చదువుకోవచ్చు. ఇరవై బొమ్మలు అలా చదివాక ఇంకా చదవాలనిపించకపోతే డబ్బు మిగిలినట్టే. అమెరికాలో ఉన్న తెలుగువారికి ఇంకో సౌకర్యం, అక్కడి పౌర గ్రంథాలయాలు తమ దగ్గర లేని పుస్తకాన్ని వేరే గ్రంథాలయం నుంచి తెప్పించి ఇస్తాయి. న్యూయార్క్ వెళ్లేవారు చిత్రకారుల పుస్తకాలకు పేరున్న ప్రింటెడ్ మ్యాటర్ దుకాణంలో ఒక పూట గడపవచ్చు.

ఇంట్లో పిల్లలున్నవారు ఒక్కటి గమనించాలి. ఇవి టీపాయ్ మీద పెట్టి వచ్చినవాళ్లకు చూపించే పుస్తకాలు కావు. తుపాకులు, ఉరితాళ్లు, నగ్న దేహాలు, మతాన్ని వెక్కిరించే మాటలు పేజీ పేజీకీ వస్తాయి. ముఖ్యంగా తొలి పదేళ్ల పనిలో. పెళ్లి సంబంధం మాట్లాడటానికి వచ్చినవారు ఒకసారి నా దగ్గరున్న సంపుటాన్ని కాలక్షేపానికి తెరిచారు. తెరిచినంత నిదానంగానే మూసి, కాఫీ బాగుందన్నారు.

ఇక తెప్పించుకోవడం. హైదరాబాదు, విజయవాడ దుకాణాల్లో ఇవి అరల మీద దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి. విదేశం నుంచి తెప్పిస్తే తపాలా ఖర్చు, సుంకం కలిసి పుస్తకం ధరతో పోటీపడతాయి. బరువు వల్లే ఈ తంటా. సులువైన దారి మనందరికీ తెలిసిందే. ఇక్కడి నుంచి ఆవకాయ, కారప్పొడి మోసుకెళ్లిన సూట్‌కేసు తిరుగు ప్రయాణంలో కాస్త ఖాళీగా వస్తుంది. కాని 'హోమో అమెరికానస్' తెమ్మని అడిగే ముందు దాని బరువు చెప్పడం మర్యాద. మా బంధువు ఒకరు విమానాశ్రయంలో చాక్లెట్లు తీసేసి పుస్తకం ఉంచారు. పిల్లలు నన్ను ఇంకా క్షమించలేదు.

ఇలాంటి కేటలాగులు అయిపోతే మళ్లీ అచ్చువేస్తారన్న నమ్మకం లేదు, అందుకే పాత ప్రతుల ధర ఎక్కుతుంది. పాతది కొంటే తొందరపడకండి. నేను ఒక పాత పుస్తకాల విక్రేత దగ్గర 'కొత్తదానిలా ఉంది' అన్న మాట నమ్మి తెప్పించిన ప్రతి, ఒక మూల నలిగిపోయి, వెన్ను వదులై వచ్చింది. లావు పుస్తకాలకు వెన్నే ప్రాణం, ఒకసారి వదులైతే మధ్య పేజీలు ఊడటం మొదలవుతుంది. ఇప్పుడు డబ్బు కట్టే ముందు రెండు ఫోటోలు అడుగుతున్నాను. ఒకటి వెన్ను నిలువుగా కనబడేలా. రెండోది మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి, పైనుంచి తీసినది. ఆ రెండో ఫోటోలో పుస్తకం ఎంత తెరుచుకుంటుందో తెలుస్తుంది, దాన్ని కాస్త పెద్దది చేసి చూస్తే చేతిరాత ఎంత స్పష్టంగా అచ్చయిందో కూడా తెలుస్తుంది. ఫోటో పంపడానికి బద్ధకించే విక్రేత, పుస్తకాన్ని అట్టపెట్టెలో సరిగ్గా సర్దడానికీ బద్ధకిస్తాడు.